కోపం ఒక్కటే చాలదు

టెలివిజను మాట వస్తే మన సంఘాల్లో పెద్దలు ఇచ్చే సలహా సాధారణంగా ఒక్కటే: కట్టేయండి. ఎదిగే పిల్లలున్న ఇంట్లో నేరాల సీరియళ్ల విషయంలో నేనూ ఆ మాటే అంటాను. రక్తం, అరుపులు, పగ రోజూ చూచే పిల్లల మనస్సు మొద్దుబారిపోతుంది. అయితే పెద్దవాళ్లు చూచి, టీవీ కట్టేసిన తరువాత కాసేపు కూర్చొని మాట్లాడుకోదగిన నేరకథ ఒకటి ఈ మధ్య చూచాను. దాని పేరు ‘ఢిల్లీ క్రైమ్’. అందులో ఉన్నది నగరం కథే గాని, దానివల్ల నేర్చుకోవలసింది పల్లెటూళ్లలోని మన కుటుంబాలకే ఎక్కువగా ఉన్నదని నాకు తోచింది. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు హైదరాబాదు ప్రగతి నగర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. కూకట్‌పల్లి, జె.ఎన్.టి.యు. దాటి వస్తే మా కాలనీ. ఒకప్పుడు గ్రామ పంచాయతీ. 2019లో నిజాంపేట నగరపాలక సంస్థలో కలిసింది. ఏ అపార్టుమెంటు తలుపు తట్టినా గుంటూరు నుండో, గోదావరి జిల్లాల నుండో, నల్లగొండ నుండో వచ్చిన కుటుంబమే కనిపిస్తుంది. పిల్లలు హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తారు, నావంటి పెద్దవాళ్లు ఇల్లు కనిపెట్టుకొని ఉంటారు. మా కోడలిది కూడా అక్కడే ఉద్యోగం. కొన్ని వారాలు ఆమె కంపెనీ కారులో ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. లిఫ్టు తలుపు చప్పుడు వినిపించేదాకా నాకు నిద్ర పట్టదు.

ఆ సీరియలు చూద్దామన్నది కూడా ఆమే. “అత్తయ్యా, ఇది భయపెట్టేది కాదు. పోలీసులు పని ఎలా చేస్తారో చూపించేది” అన్నది.

2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో కదులుతున్న బస్సులో ఒక ఫిజియోథెరపీ విద్యార్థినిపై జరిగిన ఘోరం మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆమె వయస్సు 23. దేశమంతా ఆమెను నిర్భయ అని పిలిచింది. డిసెంబరు 29న సింగపూరు ఆసుపత్రిలో ఆమె చనిపోయింది. ఆ కేసు దర్యాప్తునే రిచీ మెహతా అనే దర్శకుడు ఏడు భాగాలుగా తీశాడు. 2019 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. 2020 నవంబరులో ఉత్తమ డ్రామా సీరియలుగా అంతర్జాతీయ ఎమ్మీ బహుమతి పొందింది. డి.సి.పి. వర్తికా చతుర్వేదిగా షెఫాలీ షా నటించింది.

అందులో నాకు నచ్చిన మొదటి సంగతి, ఆ దుర్మార్గాన్ని తెర మీద చూపించకపోవడం. రోడ్డు ప్రక్కన చలిలో పడి ఉన్న ఇద్దరితో కథ మొదలవుతుంది. అక్కడినుండి మనం చూచేది నిద్ర లేని మనుషులను. ఒకరు సి.సి. కెమెరాల బొమ్మలు వరుసగా చూస్తూ కూర్చుంటారు. ఒకరు నిందితుని ఊరు వెతుక్కుంటూ వెళతారు. నీతి సింగ్ అనే చిన్న వయస్సు ఆఫీసరుకు ఆసుపత్రిలో ఆ అమ్మాయి మంచం దగ్గర ఉండే బాధ్యత ఇస్తారు. బయట జనం కోపంతో కేకలు వేస్తుంటారు. లోపల వీళ్లు కాగితాలు వ్రాస్తుంటారు.

ఆ కాగితాల పనే అసలు కథ. నిజంగా జరిగినది కూడా అంతే. తెల్లని బస్సు, దాని మీద యాదవ్ అని వ్రాసి ఉన్నది - ఇంత మాత్రం ఆధారంతో ఢిల్లీ పోలీసులు మరునాటికే బస్సును పట్టుకున్నారు. వారం తిరగకుండా ఆరుగురూ దొరికారు. 2013 జనవరి 3న, అంటే నేరం జరిగిన 18వ రోజున, కోర్టులో ఛార్జిషీటు దాఖలైంది. ఆ అమ్మాయి మంచం మీద ఉండి ఇచ్చిన వాంగ్మూలం, రక్తపు మరకల డి.ఎన్.ఏ. పరీక్షలు, శరీరం మీది పంటిగాట్లను పరీక్షించి ధార్వాడ్ దంత వైద్య నిపుణుడు ఇచ్చిన నివేదిక - వీటన్నిటినీ 2017 మేలో సుప్రీంకోర్టు పరిశీలించి శిక్షను ఖాయం చేసింది. ఒకడు విచారణ కాలంలోనే జైలులో చనిపోయాడు. పద్దెనిమిది నిండనివానిని మూడేళ్లు బాలల గృహంలో ఉంచారు. మిగిలిన నలుగురిని 2020 మార్చి 20న ఉరి తీశారు. ఉరిశిక్ష మంచిదా కాదా అన్నది వేరే చర్చ. నేను చెప్పదలచినది, ఆ నేరం వాళ్లే చేశారని సందేహానికి తావు లేకుండా లోకానికి తెలిసింది. ఆ కన్నవాళ్లకు కూడా తెలిసింది.

సీరియలు పూర్తయిన రాత్రి మా కోడలు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది: “అత్తయ్యా, మన దగ్గరా జరిగాయి గదా రెండు. ఒకటే అందరికీ గుర్తున్నది, ఎందుకని?”

ఆమె చెప్పిన రెండూ సైబరాబాద్ పోలీసుల పరిధిలోనివే. మొదటిది 2013 అక్టోబరులో జరిగింది. హైటెక్ సిటీలో పని ముగించుకొని, షాపింగ్ మాల్ దగ్గర క్యాబ్ అనుకొని ఒక కారు ఎక్కిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని ఇద్దరు ఎత్తుకుపోయి అత్యాచారం చేశారు. పత్రికలు ఆమెకు అభయ అని పేరు పెట్టాయి. ఫిర్యాదు అందింది, పోలీసులు ఆ ఇద్దరినీ పట్టుకున్నారు, సాక్ష్యాలు కోర్టు ముందు పెట్టారు. 2014 మేలో, అంటే ఏడు నెలలలోపే, ఇద్దరికీ ఇరవై ఏండ్ల జైలు శిక్ష పడింది. ఆ సంవత్సరమే అక్టోబరు 24న హైదరాబాదులో షీ టీములు మొదలయ్యాయి.

రెండవది 2019 నవంబరు 27 రాత్రిది. శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ ప్లాజా వద్ద ఒక యువ పశువైద్యురాలి స్కూటీ టైరు పంక్చరయింది. సహాయం చేస్తామని వచ్చినవాళ్లే ఆమెను పాడుచేసి చంపి, షాద్‌నగర్ సమీపంలో చటాన్‌పల్లి వంతెన క్రింద తగులబెట్టారు. పోలీసులు ఆమెను దిశ అని పిలవమన్నారు. బిడ్డ కనబడడం లేదని ఆ రాత్రి ఇంటివాళ్లు స్టేషనుకు పోతే ‘ఇది మా పరిధి కాదు’ అన్న మాట ఎదురైంది. కేసు నమోదులో ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను పై అధికారులు సస్పెండ్ చేశారు. నలుగురు అనుమానితులు దొరికారు. డిసెంబరు 6 తెల్లవారుజామున, నేరం జరిగిన చోటికి తీసుకుపోయినప్పుడు, నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు.

ఆ ఉదయం చటాన్‌పల్లిలో జనం పోలీసుల మీద పూలు చల్లారు. మా అపార్టుమెంటులో కూడా మిఠాయిలు పంచారు. ఆడపిల్లలను కన్న తల్లిదండ్రుల కడుపుమంట అది, దాన్ని తేలికగా తీసివేయలేము. అయితే మిఠాయి చేతిలో పట్టుకొని మా వాచ్‌మన్ భార్య నన్ను అడిగిన మాట ఈనాటికీ నన్ను వదలలేదు. “అమ్మా, గా పోరగాండ్లే చేసిన్రని కోర్టుల తేలిందా?” అన్నది. ఆమె అక్షరం ముక్క చదువుకోలేదు.

తేలలేదు. ఇక తేలదు కూడా. విచారణ జరగవలసిన మనుషులే లేరు. సుప్రీంకోర్టు ఆ కాల్పుల మీద జస్టిస్ సిర్పూర్కర్ గారి అధ్యక్షతన కమిషను వేసింది. 2022 మేలో బయటికి వచ్చిన ఆ నివేదిక, నిందితులు తుపాకులు లాక్కొని దాడి చేశారన్న పోలీసుల మాట నమ్మదగినది కాదని చెప్పింది. చంపే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద విచారణ జరగాలని అన్నది. చనిపోయినవాళ్లలో ముగ్గురు పద్దెనిమిది నిండనివాళ్లని కూడా చెప్పింది. సుప్రీంకోర్టు ఆ నివేదికను తదుపరి చర్యల నిమిత్తం తెలంగాణ హైకోర్టుకు పంపింది.

చూడండి, ఒక కేసులో మొదటి రాత్రే ఫిర్యాదును చేరదీయవలసిన చేతులు వెనక్కి పోయాయి, తొమ్మిది రోజుల తరువాత తుపాకులు లేచాయి. రెండవదానిలో, అంటే అభయ కేసులో, ఫిర్యాదు, దర్యాప్తు, సాక్ష్యం, తీర్పు అన్నీ వరుసగా జరిగాయి. పూలు మాత్రం తుపాకులకు దక్కాయి. పని సక్రమంగా జరిగిన కేసు ఎవరికీ జ్ఞాపకం లేదు. మా కోడలి ప్రశ్నకు ఇదే నా జవాబు. కోపం చల్లారేలా ఏదైనా జరిగితే మనం దానిని గుర్తు పెట్టుకుంటాము. న్యాయం నెమ్మదిగా, చప్పుడు లేకుండా జరిగితే మరచిపోతాము.

మన బైబిలులోనే దీనికి సరిపోయే చరిత్ర ఉన్నది. ఆదివారం బడిలో అంతగా చెప్పరు. దావీదు కుమార్తె తామారును ఆమె అన్న అమ్నోను బలవంతం చేశాడు. ఆమె నోరు మూసుకోలేదు, బూడిద పోసుకొని, బట్టలు చింపుకొని, వీధిలో ఏడుస్తూ పోయింది. అయితే ఆమె సొంత అన్న అబ్షాలోము ఊరకుండమన్నాడు. తండ్రి, రాజు అయిన దావీదు వినినప్పుడు బహుగా కోపపడ్డాడు. ఆ కోపంతో ఏమి చేశాడో వెతికితే ఏమీ కనిపించదు. న్యాయపీఠం మీద కూర్చున్నవాడు విచారణ జరపలేదు. రెండు సంవత్సరాలు గడిచాక అబ్షాలోము విందు చేసి, పనివాళ్లచేత అమ్నోనును చంపించాడు. ఆ చావుతో తామారుకు ఏమి మేలు జరిగింది? ఆమె అన్న ఇంట్లో దిక్కులేనిదై ఉండిపోయింది. ఆ ఇల్లు చీలిపోయింది. మొదట ఊరకుండమనడం, తరువాత పగ తీర్చుకోవడం - ఈ రెండింటి మధ్య జరగవలసిన న్యాయ విచారణ ఒక్కటే ఆ ఇంట్లో జరగలేదు.

ఇప్పుడు నా ఉద్యోగంలో చూచిన ఒక సంగతి చెబుతాను. ఊరు, సంవత్సరం చెప్పను. ఒక తల్లి పదహారేళ్ల కూతురిని క్యాజువాల్టీకి తీసుకొని వచ్చింది. జరిగి మూడు రోజులైంది. మొదటి రెండు రోజులు ఊరి పెద్దమనుషులు పంచాయతీ పెట్టి, డబ్బు ఇప్పిస్తాము, బయటికి చెప్పవద్దు, పిల్లకు పెళ్లి కాదు అని ఆపారు. ఆ రోజు పిల్ల వేసుకున్న బట్టలు ఏవమ్మా అని అడిగాను. ఆ తల్లి సంచిలోనుండి తీసి ఇచ్చింది. సబ్బు పెట్టి ఉతికి, ఎండలో ఆరేసి, చక్కగా మడత పెట్టి తెచ్చింది. పిల్లకు వేడినీళ్లతో తలారా స్నానం కూడా చేయించింది. తల్లి కదా, బిడ్డ ఒంటిమీద ఆ మురికి ఒక్క క్షణం ఉండనిస్తుందా? ఆ బట్టల మీద, ఆ శరీరం మీద ఉండిన సాక్ష్యం అంతా ఆమె ప్రేమతోనే కడిగివేసింది. డాక్టరు గారు పరీక్ష చేసి రిపోర్టులో వ్రాయగలిగింది చాలా తక్కువ. తరువాత ఆ కేసు నిలువలేదని విన్నాను.

‘ఢిల్లీ క్రైమ్’లో మంచం ప్రక్కన నిలబడిన ఆ ఆఫీసరును చూస్తుంటే నాకు ఆ మడత పెట్టిన బట్టలే కనిపించాయి. ఎవరైనా ఆ తల్లికి ముందుగా చెప్పి ఉంటే బాగుండేది గదా అనిపించింది. అందుకే నాకు తెలిసినంతవరకు ఇక్కడ చెబుతున్నాను. తల్లులారా, దయచేసి మనస్సులో పెట్టుకోండి.

ఇటువంటిది జరిగిందని బిడ్డ చెప్పగానే మొదట ఆమె మాట నమ్మండి. ‘నువ్వెందుకు అటు పోయావు’ అని అడగకండి. స్నానం చేయించకండి, బట్టలు ఉతకకండి. ఆ బట్టలను ఆరనిచ్చి కాగితపు సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మకు పాడవుతాయి. వెంటనే 112కు గాని, మహిళల సహాయ నంబరు 181కి గాని ఫోను చేయండి. ఏ ఆసుపత్రికైనా సరే, ప్రభుత్వానిది గాని ప్రైవేటుది గాని, తీసుకొని వెళ్లవచ్చు. ఉచితంగా వైద్యం చేసి పోలీసులకు తెలియజేయవలసిన బాధ్యత చట్టప్రకారం వాళ్లదే. రెండు వ్రేళ్ల పరీక్ష అని పూర్వం చేసేవారు. అది చేయకూడదని సుప్రీంకోర్టు 2013లోను, మరల 2022లోను గట్టిగా చెప్పింది. ఎవరైనా చేయబోతే వద్దనండి.

పోలీసు స్టేషనులో ‘మా పరిధి కాదు’ అంటే తిరిగి రాకండి. నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకొని నమోదు చేయాలి. దానిని జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో ఈ మాట స్పష్టంగా ఉన్నది. ఇటువంటి ఫిర్యాదు నమోదు చేయని అధికారికి జైలు శిక్ష వేయవచ్చునని నిర్భయ తరువాత, 2013లోనే చట్టం వచ్చింది. జస్టిస్ వర్మ కమిటీ 29 రోజుల్లో నివేదిక వ్రాసి ఇచ్చినందువల్ల అంత త్వరగా ఆ మార్పు సాధ్యమైంది. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా అడిగి తీసుకోండి. బిడ్డ మాటలను మహిళా అధికారి వ్రాసుకోవాలి.

ఇప్పటికే ఆలస్యమైన ఇళ్లు కూడా ఉంటాయి. ఈ మాటలు చదివి వాళ్లు క్రుంగిపోవద్దు. అత్యాచారం కేసుకు గడువు తీరిపోవడం అంటూ లేదు. నమ్మదగినదైతే బాధితురాలి మాట ఒక్కదాని మీదనే శిక్ష వేయవచ్చునని మన న్యాయస్థానాలు ఎన్నోసార్లు చెప్పాయి.

సంఘ పెద్దలకు కూడా రెండు విన్నపాలు. బిడ్డ వయస్సు 18కి లోపు అయితే, సంగతి తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలియజేయాలని 2012 పోక్సో చట్టం చెబుతుంది. పాస్టరుగారైనా, బడి పంతులైనా, హాస్టలు వార్డెనైనా సరే. దాచిపెడితే అదే నేరమవుతుంది. అత్యాచారాన్ని రాజీ చేసే అధికారం ఏ పంచాయతీకీ లేదు. దోషికే ఇచ్చి పెళ్లి చేయడం పరిహారం కాదు, ఆ పిల్లకు రెండవ శిక్ష. ఇక రెండవ విన్నపం పేరు గురించి. నిర్భయ, అభయ, దిశ - ఇవి ఎందుకు పెట్టారు? ఆ అమ్మాయి సొంత పేరు ప్రచురించడం చట్టప్రకారం నేరం గనుక. మన ప్రార్థన కూటాల్లో మంచి మనస్సుతోనే ‘ఫలానా వారి అమ్మాయికి ఇలా జరిగింది, ప్రార్థించండి’ అని పేరుతో సహా చెబుతారు. మధ్యాహ్నానికి ఊరంతా తెలుస్తుంది. ‘ఒక సహోదరి కొరకు’ అంటే చాలు. ఎవరి కొరకో దేవునికి తెలుసు.

మా అపార్టుమెంటు క్రింద సాయంత్రాలు మగపిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. శంషాబాద్ కేసులో చనిపోయిన నలుగురూ పల్లెటూళ్ల నుండి వచ్చి లారీల మీద పనిచేసిన యువకులు. మన ఆడపిల్లలకు ఎన్ని జాగ్రత్తలు చెప్పినా, మగపిల్లలతో ఈ సంగతులు మాట్లాడకపోతే పని సగమే అవుతుంది. ఆ మాటలు ఇంట్లో తండ్రి నోటినుండి రావాలి. తండ్రి తల్లితో ఎలా మాట్లాడుతున్నాడో చూచే కదా కొడుకు నేర్చుకునేది.

‘ఢిల్లీ క్రైమ్’ చూడమని నేను మిమ్మల్ని బలవంతం చేయను. అది హిందీలో తీసినది, బూతు మాటలు ఉన్నాయి, పిల్లల ముందు పెట్టకూడదు. చూడకపోయినా ఫరవాలేదు. అందులోని పోలీసులు నిద్ర మాని చేసిన పనిలో మొదటి భాగం మాత్రం మన ఇళ్లలోనే ఉన్నది. బిడ్డ మాట వినడం, బట్టలు దాచడం, స్టేషను మెట్లు ఎక్కడం, ఎక్కినచోటనుండి కాగితం చేతికి వచ్చేవరకు కదలకపోవడం.

ప్రతి క్రైస్తవ గృహంలోను గోడకు క్యాలెండరు ఉంటుంది. ఈ రోజే దాని మీద 112, 181 అని పెద్ద అంకెలతో వ్రాయండి. ఎందుకు వ్రాశారో ఇంట్లోని ఆడపిల్లలకూ మగపిల్లలకూ కూర్చోబెట్టి చెప్పండి.